బడివేళ మా వీధికి గొలుసు కట్టొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది పాత లేఅవుట్ కాలనీ. ముప్పై అడుగుల రోడ్డు. వెనక వీధిలో పెద్ద ప్రైవేటు స్కూలుంది. మెయిన్ రోడ్డు మీద సిగ్నల్ తప్పించుకోవడానికి పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా కార్లు, ఆటోలు, స్కూలు వ్యాన్లు అన్నీ మా వీధిలోంచే దూసుకుపోతున్నాయి. పోయిన నెల సైకిల్ మీద వెళ్తున్న పదేళ్ల పాపను కారు గుద్దితే చెయ్యి విరిగింది. దాంతో మా సంఘం ఆ గంటసేపు వీధికి గొలుసు కడుతోంది, సొంత ఖర్చుతో రెండు సిమెంటు స్పీడ్ బ్రేకర్లు కూడా వేయించింది. ఇప్పుడు కొందరు తల్లిదండ్రులు మా మీద కేసు పెడతామంటున్నారు. మాది తప్పవుతుందా?
- కాలనీ సంఘం కార్యదర్శి

జవాబు: ముందు ఆ గొలుసు తీసేయండి. మీ బాధ న్యాయమైనదే. కానీ ఆమోదం పొందిన లేఅవుట్‌లో రోడ్లు స్థానిక సంస్థకు దఖలు పడతాయి. అంటే అది పబ్లిక్ రోడ్డు. ఊడ్పించేది, లైట్లు వేయించేది మీరే అయినా సరే, ఎవరు వెళ్లాలో ఎవరు వెళ్లకూడదో చెప్పే అధికారం సంఘానికి రాదు. వెళ్లే హక్కున్న మనిషిని అడ్డగిస్తే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలోని 126వ సెక్షన్ కింద నెల రోజుల దాకా సాధారణ జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. దారికి అడ్డం పెట్టినందుకు 285వ సెక్షన్ వేరే ఉంది.

స్పీడ్ బ్రేకర్ల సంగతి ఇంకా ప్రమాదకరం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో చెప్పిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. మేస్త్రీ ఒక పూటలో పోసే గట్టు ఆ లెక్కకు ఎక్కడా సరిపోదు. రాత్రిపూట ఎవరైనా బైకు మీద వచ్చి దాని మీద పడితే కేసు సంఘం బాధ్యుల మెడకే చుట్టుకుంటుంది. వాటిని తీయించి, ప్రమాణం ప్రకారం వేయమని మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగానికి అర్జీ పెట్టండి.

మీరు చేయలేనిది పోలీసులు చేయగలరు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 115వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చిన అధికారి గానీ ప్రజల భద్రత కోసం ఫలానా రోడ్డు మీదికి ఫలానా రకం బళ్లు రాకూడదని ఆపొచ్చు, లేదా షరతులు పెట్టొచ్చు. మామూలుగా దీనికి గెజిట్ నోటిఫికేషన్ కావాలి. అక్కడే ఫైలు ఆగిపోతుంది. అయితే అదే సెక్షన్‌లో చాలామంది చూడని వెసులుబాటు ఒకటుంది: ఆంక్ష నెలకు మించకపోతే గెజిట్ అక్కర్లేదు, స్థానికంగా నలుగురికీ తెలిసేలా ప్రచారం చేసి, బోర్డులు పెడితే చాలు. కాబట్టి శాశ్వతంగా మూయమని అడగకండి. బడి వేళల్లో ఒక నెలపాటు ప్రయోగంగా వన్‌వే చేయమనో, కాలనీవాళ్లవి కాని నాలుగు చక్రాల బళ్లను మళ్లించమనో అడగండి. నెలకే కాబట్టి అధికారికి సంతకం పెట్టడం తేలిక. ఆ నెల ఎలా గడిచిందో చూపించి తర్వాత శాశ్వత ఉత్తర్వు అడగొచ్చు. వేగం తగ్గించడానికి 112వ సెక్షన్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది.

అర్జీ ట్రాఫిక్ డీసీపీ పేరు మీద రాసి, కాపీ మున్సిపల్ అధికారికి ఇవ్వండి. రెండుచోట్లా రసీదు తీసుకోండి. ఒక వారం పాటు రద్దీ వీడియోలు, పాప ఆసుపత్రి కాగితాలు, ఇంటింటి సంతకాలు జతచేయండి. వీలైతే స్కూలు యాజమాన్యం చేత కూడా ఒక లేఖ రాయించండి. మిమ్మల్ని బెదిరిస్తున్న తల్లిదండ్రుల పిల్లలూ ఆ రోడ్డు మీదే నడుస్తున్నారు కదా, వాళ్లలో కొందరు సంతకం పెట్టినా అర్జీకి బలం వస్తుంది. ఎంతకాలమైనా ఉలుకూపలుకూ లేకపోతే, అధికారులను ఆదేశించమని కోరుతూ హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చు. అప్పుడు ఆ రసీదులే మీకు ఆధారం.

స్కూలు వ్యాన్లు ఇళ్ల ముందు అడ్డదిడ్డంగా ఆపితే అది మోటారు వాహనాల చట్టంలోని 122వ సెక్షన్ కింద నేరం. ఫొటో తీసి ట్రాఫిక్ పోలీసులకు పంపండి, మీరు వెళ్లి డ్రైవర్లతో గొడవపడొద్దు. మీ కాలనీ పిల్లలెవరైనా లైసెన్సు లేకుండా స్కూటీ మీద బడికెళ్తుంటే అదీ ఆపించండి. అదే చట్టంలోని 199ఏ సెక్షన్ కింద శిక్ష పడేది తల్లిదండ్రులకూ బండి యజమానికీనే. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి.

ఇక మీరు అడగని విషయం. ఆ పాప తల్లిదండ్రులు నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లారా? ఎముక విరగడాన్ని చట్టం తీవ్ర గాయంగానే చూస్తుంది. మోటారు వాహనాల చట్టంలోని 164వ సెక్షన్ కింద ఎవరి తప్పో రుజువు చేయకుండానే రెండున్నర లక్షలు అడగొచ్చు. లేదా డ్రైవరు నిర్లక్ష్యం చూపించి 166 కింద అంతకంటే ఎక్కువ కోరొచ్చు, కానీ రెంటిలో ఒకటే ఎంచుకోవాలి. 166 కింద వేయడానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలే గడువు. పోలీసు ఫిర్యాదు ఇంకా ఇవ్వకపోతే, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని ఈ వారంలోనే స్టేషన్‌కు వెళ్లమనండి.