సొల్లాల్ మధ్యాహ్నం పుట్టింటిది

ప్రశ్న: మాది కాకినాడ. కొరియన్ అబ్బాయిని పెళ్లి చేసుకుని సువోన్‌లో ఉంటున్నాను. పోయినసారి సొల్లాల్‌కి, అంటే కొరియన్ల చాంద్రమాన కొత్త సంవత్సరం పండక్కి, డేగు దగ్గర మా అత్తగారింటికి వెళ్లాం. ముందురోజు పొద్దున పెనం ముందు కూర్చుంటే సాయంత్రం దాకా చేపముక్కలు, మాంసం గుడ్డుసొనలో ముంచి జొన్ వేయిస్తూనే ఉన్నాను. నేను శాకాహారిని. మా ఆయన హాల్లో అన్నదమ్ములతో యుత్ పుల్లలు విసురుతూ ఆడుకున్నారు. మర్నాడు మొక్కేటప్పుడు చేతులు తారుమారుగా పెట్టానని ఆడపడుచు కిసుక్కున నవ్వింది. ఎనిమిది నెలల కిందట మా నాన్న పోయారు. ఏడాది తిరిగేదాకా పండగలు వద్దని అమ్మ అంటోంది. ఈసారి నేను రానన్నానని మా ఆయన మూడు రోజులుగా ముభావంగా ఉంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయాయి. నాన్నగారు లేరన్న దుఃఖం ఒకటి, నిరుడు వంటింట్లో పడ్డ కష్టం ఒకటి. ‘ఏటిసూతకం, నేను రాను’ అనేసరికి రెండోది మీ ఆయన చెవిన పడనే లేదు. నిజం చెప్పండి, నాన్నగారు ఉండుంటే ఈసారి సంతోషంగా బయల్దేరేవారా?

ముందు అమ్మగారి సంగతి. పెళ్లైన ఆడపిల్లకు మైల మూడు రోజులే, ఏడాది పట్టింపు కొడుకులదని చాలా ఇళ్లలో అంటారు. కానీ దానిమీద ఆవిడతో వాదన పెట్టుకోకండి. సొల్లాల్ పొద్దున ఏం జరుగుతుందో చెప్పండి చాలు. అన్నిటికంటే ముందు చార్యే. పోయిన పెద్దల పేరున బల్ల సర్ది, అన్నానికి బదులు తొక్‌గుక్ (బియ్యప్పిండి బిళ్లల సూప్) గిన్నెలు పెట్టి, నేలకు వంగి రెండుసార్లు మొక్కుతారు. బతికున్న పెద్దలకు చేసే సెబేలో అయితే ఒక్కసారే. సంక్రాంతికి మన ఇళ్లలో పెద్దలకు బట్టలు పెట్టుకోవడం గుర్తు చేస్తే అమ్మగారికి ఇట్టే అర్థమవుతుంది.

ఆడపడుచు నవ్వు సంగతి కూడా ఇక్కడే ఉంది. ఆడవాళ్లు కుడిచెయ్యి ఎడమచేతి మీద పెట్టాలి. తిరగేస్తే అది చావింట మొక్కే పద్ధతి. పెద్దలకు పెట్టే చార్యే వాళ్ల లెక్కలో శుభకార్యమే, అందుకే చేతులు మామూలుగానే ఉండాలి. అయినా తెలియని పిల్లకు నేర్పాలి గానీ నవ్వడమేమిటి!

ఇక జొన్. ఈ చాకిరీతో ఒళ్లు హూనమై, మనసు చికాకు పడటానికి కొరియన్లే ‘పండగ జబ్బు’ అని పేరు పెట్టుకున్నారు. కాబట్టి పరాయి దేశపు కోడలిని కాబట్టే నాకీ గతి అనుకోకండి, అక్కడి కోడళ్లందరి గోడూ అదే. కన్‌ఫ్యూషియన్ ఆచారాలకు పెద్దదిక్కయిన సుంగ్‌గ్యున్‌గ్వాన్ 2023 సొల్లాల్‌కి ముందు ఒక నమూనా బల్ల ప్రకటించింది. తొక్‌గుక్, కూరాకులు, కాల్చిన వంటకం ఒకటి, కిమ్చి, మద్యం, నాలుగు రకాల పళ్లు, అంతే. నూనెలో వేయించినవి తప్పనిసరి కాదని కూడా చెప్పింది. అయితే ఈ మాట మీ నోటితో అత్తగారికి చెప్పకండి. కొత్త కోడలు వచ్చి మా ఆచారం మాకు నేర్పుతోందా అనిపిస్తుంది. కొడుకు చెప్పాలి, అదీ పండగకు ఒక వారం ముందే, ఫోన్‌లో. ఆవిడ జొన్ లేనిదే కుదరదంటే, ‘అయితే నేనే వేయిస్తానమ్మా’ అనాల్సింది కూడా ఆయనే. యుత్ ఆట ఎక్కడికీ పోదు. మీ తొక్‌గుక్ మాత్రం మాంసం నీళ్లు పోయకముందే విడిగా తీసుకోండి. దాషిమా (ఎండబెట్టిన సముద్రపు నాచు), పుట్టగొడుగులు మరిగించిన నీళ్లతో బాగానే కుదురుతుంది.

అసలు విషయం ఇప్పుడు. చార్యే, సెబే అయ్యాక భార్య పుట్టింటికి వెళ్లడం కొరియన్ల ఆనవాయితీ. పుట్టింటిని చిన్‌జొంగ్ అంటారు, మీ చెవిన పడే ఉంటుంది. నిరుడు మీ పుట్టిల్లు కాకినాడలో ఉందని ఆ మధ్యాహ్నాన్ని అందరూ మర్చిపోయి, గిన్నెలు మీకు అప్పజెప్పి ఉంటారు. ఈసారి దాన్ని వదలకండి. 1989 నుంచి సొల్లాల్‌కి మూడు రోజుల సెలవు ఉంది కదా, ఒక పూట మీ వాళ్లకిస్తే ఎవరికీ తక్కువ కాదు.

మీ ఆయనతో ఇలా అనండి: ‘పొద్దున మీ పెద్దలకు నేనూ మొక్కుతాను. మధ్యాహ్నం బయల్దేరి ఇంటికెళ్లి మా నాన్నకు మీరు మొక్కాలి.’ సాయంత్రానికి సువోన్ చేరి, నాన్నగారి ఫోటో ముందు దీపం పెట్టి, అమ్మకు వీడియో కాల్ చేయండి. మీకు ఆరున్నర అయితే కాకినాడలో మూడే, ఆవిడ తీరిగ్గా ఉంటారు. ఫోటో ముందు ఆయన రెండుసార్లు వంగి మొక్కడం అమ్మగారు చూడనివ్వండి.

సొల్లాల్ రైలు టికెట్లు వారాల ముందే అయిపోతాయి. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం బండికే ఉండేలా ఆయన చేతే బుక్ చేయించండి.