టూళ్ల వివరణలు రాస్తున్న కొత్త రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

రైలు ప్రయాణికులకు సాయపడే ఏఐ సహాయకుడి కోసం నీవు రాసిన టూళ్ల వివరణలు, అంటే ఆ సహాయకుడు పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రాములు ఏం చేస్తాయో చెప్పే రాతలు, చదివాను. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి, కాని అవన్నీ ప్రోగ్రామర్‌ను ఉద్దేశించి రాసినట్టున్నాయి. ప్రోగ్రామర్‌కు సందేహం వస్తే కోడ్ తెరిచి చూసుకుంటాడు, లేదా నీకే ఫోన్ చేస్తాడు. సహాయకుణ్ణి నడిపే ఏఐ మోడల్‌కు ఆ రెండు దారులూ లేవు. టూలు పేరు, దాని వివరణ, జేసన్ స్కీమాలో (టూలుకు ఏ విలువలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే నమూనాలో) రాసిన పారామీటర్లు, అంటే టూలుకు అందించాల్సిన విలువలు, మాత్రమే దానికి కనబడతాయి. పైగా 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ, ఏఐ సహాయకులను బయటి టూళ్లతో కలిపే ఉమ్మడి పద్ధతి అయిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను ప్రకటించిన తరువాత, ఒకరు తయారుచేసిన టూలును ముక్కూ మొహం తెలియని మరొకరి సహాయకుడు వాడుకోవడం మామూలైపోయింది కనుక, నీ వివరణ పక్కన ఇంకెవరి వివరణలు చేరతాయో నీకు ముందుగా తెలియదు.

“రైలు సమాచారం అందిస్తుంది” అని నీవు రాసిన టూలునే తీసుకుందాం. రెండు స్టేషన్ల మధ్య నడిచే రైళ్ల జాబితానా, ఒక రైలు ఇప్పుడు ఎక్కడుందన్నదా, పీఎన్‌ఆర్ మీద బెర్తు ఖరారైందా లేదా అన్నదా? మూడింటికీ మూడు టూళ్లు ఉన్నప్పుడు ఒకదాని వివరణలో మిగతావాటి ప్రస్తావన ఉండాలి. “ఇచ్చిన తేదీన రెండు స్టేషన్ల మధ్య నడిచే రైళ్ల నంబర్లు, బయలుదేరే వేళలు, చేరే వేళలు ఇస్తుంది. ఖాళీ బెర్తుల సంగతి చెప్పదు. ఆలస్యం తెలుసుకోవాలంటే రన్నింగ్ స్టేటస్ టూలును వాడాలి” అని రాస్తే సరిపోతుంది. టూలు చేయని పనిని చెప్పడానికి కొత్తవాళ్లు సంకోచిస్తారు, తమ సరుకును తామే తక్కువ చేసుకున్నట్టు తోస్తుంది కాబోలు. నా అనుభవంలో మాత్రం వివరణ మొత్తంలో ఎక్కువ పనిచేసే వాక్యం అదే.

తేదీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికా వాళ్లకు మే 6. కనుక 2025-06-05 అన్న రూపాన్ని కోరి ఒక ఉదాహరణ చేర్చమని ఎవరైనా చెబుతారు. అసలు చిక్కు వేరే ఉంది. రాత్రి విశాఖపట్నంలో బయలుదేరి అర్ధరాత్రి దాటాక విజయవాడ చేరే రైలుకు, విజయవాడలో ఎక్కే ప్రయాణికుడి తేదీ వేరు, రైలు బయలుదేరిన తేదీ వేరు. టికెట్ తీసుకునేటప్పుడు ఇచ్చేది ఎక్కే స్టేషన్‌లోని తేదీ. రన్నింగ్ స్టేటస్‌కు సాధారణంగా కావలసింది రైలు మొదటి స్టేషన్‌లో బయలుదేరిన తేదీ. నీ స్కీమాలో రెండు చోట్లా “ప్రయాణ తేదీ” అనే ఉంది. మోడల్ ఏదో ఒక తేదీ ఇస్తుంది, జవాబూ వస్తుంది, కాకపోతే అది మరుసటి రోజు రైలుది అవుతుంది. ఎర్రర్ ఎక్కడా కనబడదు గనుక ఈ తప్పును ప్రయాణికుడు ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడే కనిపెడతాడు.

స్టేషన్ పేర్లదీ ఇదే తీరు. “హైదరాబాద్ నుంచి” అన్న మనిషి మనసులో నాంపల్లి ఉండవచ్చు, సికింద్రాబాద్, కాచిగూడ, చర్లపల్లి, లింగంపల్లిలో ఏదైనా ఉండవచ్చు. కాబట్టి ఆ పారామీటర్‌కు స్టేషన్ కోడ్ కావాలని, కోడ్ తెలియకపోతే ముందుగా స్టేషన్‌ను వెతికే టూలును పిలవాలని, ఒకటికి మించి దొరికితే ప్రయాణికుణ్ణే అడగాలని రాయి. స్లీపర్, థర్డ్ ఏసీ వంటి తరగతులను స్కీమాలోనే జాబితాగా కట్టేస్తే వివరణలో వాటి ఊసెత్తనక్కరలేదు.

టికెట్ రద్దు చేసే టూలుకు, రద్దయిన టికెట్‌ను తిరిగి తెచ్చుకోలేమని, ఛార్జీలు కోత పడతాయని, ప్రయాణికుడు స్పష్టంగా ఒప్పుకున్న తరువాతే వాడాలని రాయి. అయితే ఆ హెచ్చరికతో పని తీరిపోయిందనుకోవద్దు; ఒప్పుకోలు లేనిదే రద్దు జరగకుండా కోడ్‌లోనే అడ్డు ఉండాలని మీ ఇంజనీర్లతో పట్టుబట్టు.

“తప్పనిసరిగా”, “ఎట్టి పరిస్థితిలోనూ” అన్న మాటలు నీ రాతలో వాక్యానికొకటి ఉన్నాయి. వాటి బలవంతం మీద మోడల్ అవసరం లేని ప్రశ్నలకు కూడా టూలును పిలుస్తుంది. “సమగ్రమైన”, “శక్తిమంతమైన” అన్న విశేషణాలనూ తీసేయి; వివరణలు ప్రతి సంభాషణలోనూ మోడల్ ముందుకు వెళ్తాయి కనుక ప్రతి మాటకూ టోకెన్ల (మోడల్ చదివే మాటల ముక్కల) ఖర్చుంది. అలాగని టూలు హద్దులు చెప్పే వాక్యాలను కుదించకు.

రాశాక, ప్రయాణికులు నిజంగా అడిగే ప్రశ్నలను, తెలుగూ ఇంగ్లిషూ కలగలిసినవాటితో సహా పోగుచేసి, మోడల్ దేనికి ఏ టూలును పిలిచిందో, ఏ విలువలు పంపిందో పరిశీలించు. పొరపాటు కనబడిన ప్రతిసారీ కొత్త వాక్యం చేర్చడానికి ముందు, టూలు పేరే తికమక పెడుతోందేమో చూడు. ఎర్రర్ సందేశాలు కూడా నీ రాతే. “చెల్లని ఇన్‌పుట్” అంటే మోడల్‌కు దారి దొరకదు; 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది కనుక, “ఈ తేదీ రిజర్వేషన్ గడువు దాటి ఉంది, 60 రోజుల లోపు తేదీ ఇవ్వాలి” అంటే అది ప్రయాణికుణ్ణి సరైన ప్రశ్న అడగగలదు.

రద్దు టూలు వివరణను తిరగరాసి, దాని ఎర్రర్ సందేశాలతో కలిపి పంపు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.