కలల ఆకు కోయబోయే ముందు

బుజ్జీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దిండు కింద పెట్టుకుంటే కలలు తేటగా వస్తాయని ఎక్కడో విన్నావట, మాచిపత్రి కోసుకురావడానికి వచ్చే ఆదివారమే బయల్దేరతానంటున్నావు. వెళ్లు, నేను వద్దనను. కానీ సంచీ, కత్తెర ఇంట్లోనే పెట్టి వెళ్లు. మొదటిసారి వెళ్లేది చూసి రావడానికే.

ఎందుకంటావా? ముప్పై ఏళ్ల కిందట నేను సంచీ తీసుకునే వెళ్లాను. చీలికలు చీలికలుగా ఆకు, నడుం ఎత్తు మొక్కలు, గుంపుగా గాలికి ఊగుతున్నాయి. దొరికిందే చాలనుకుని రెండు చేతులతో దూసి సంచీ నింపాను. అది వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి. మర్నాటికి మోచేతుల దాకా దద్దుర్లు. ఆ రాత్రి కలల సంగతి దేవుడెరుగు, కన్నే మూతపడలేదు. వారం రోజులు గోక్కుంటూ తిరిగాను. ఆ మొక్కలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది, కొందరి ఒంటికి అది అసలు పడదు. ఆ కొందరిలో నేనూ ఒకదాన్నని అలా తెలిసింది.

రెండింటికీ తేడా ఆకు తిప్పి చూస్తే తెలిసిపోతుంది. నేను తిప్పలేదు, అంతే. మాచిపత్రి ఆకు పైన ముదురాకుపచ్చ, వెనక మాత్రం బూడిద రాసినట్టు తెల్లటి నూగు. వయ్యారిభామ ఆకు వెనక ఆ తెలుపు ఉండదు. మాచిపత్రి కాండం మీద నిలువుగా గాడులు ఉంటాయి, ముదిరితే ఊదా ఎరుపులోకి తిరుగుతుంది. దాని పూలు పూలని చెబితే తప్ప తెలియవు, చిన్న చిన్న మొగ్గల్లా మట్టి రంగులో ఉంటాయి. వయ్యారిభామ పూస్తే తెల్లటి గింజలు చల్లినట్టు దూరం నుంచే కనిపిస్తుంది.

వాసన చూసి పోల్చుకుంటానని మాత్రం అనకు. ఒక ఆకు నలిపాక ఆ వాసన వేళ్లకే పట్టుకుని ఉంటుంది. తర్వాత ఏ గడ్డి నలిపినా అదే వాసన వస్తుంది, అదే మొక్క అనిపిస్తుంది. ప్రతిసారీ చెయ్యి కడుక్కోవాలి, లేదా రెండో చెయ్యి వాడాలి. ఫోన్లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లున్నాయి కదా, వాటిని ఎక్కడ వెతకాలో చెప్పే చుట్టంలా చూడు, తీర్పు చెప్పే జడ్జిలా చూడకు.

నా లెక్క ఏమిటంటే, ఒక మొక్కను ఏడాది పొడుగునా చూడందే కోయకూడదు. మొలకప్పుడు ఎలా ఉంది, పూత ఎప్పుడు, ఎండాక ఏం మిగిలింది, పక్కన ఏవి పెరుగుతున్నాయి, ఏ పురుగు దాన్ని తింటోంది. నీకిది చాదస్తంగా అనిపించొచ్చు. కానీ నువ్వు కోరుకునే మహిమ ఏదైనా ఉంటే అది ఈ చూడటంలోనే ఉందని నా నమ్మకం. ఏడాదిపాటు రోజూ పలకరించిన మొక్క కలలోకి రావడానికి దాన్ని దిండు కింద పెట్టే పని కూడా ఉండదు. నాకైతే అలాగే వచ్చింది.

ఇక పాత మంత్రాల నియమాలు అడిగావు. తెల్లవారకముందే కోయాలి, ఇనుము తగలకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు, మొక్కను అడిగి కోయాలి. ఇవి ఏదో ఒక చోటివి కావు. ఇనుము తగలకూడదన్న నియమం రోమన్ల కాలం నుంచీ ఉంది. వీటిని మూఢనమ్మకాలని కొట్టిపారేసేవాళ్లను చూశాను, అక్షరం పొల్లుపోకుండా పాటించేవాళ్లనూ చూశాను. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. కత్తి లేకుండా కోస్తే ఏమవుతుందో ఒకసారి చేసి చూడు. గోటితో ఒక్కో రెమ్మా తుంచాలి, పని నెమ్మదిస్తుంది, కోసేది తగ్గుతుంది. అడిగి కోయమంటే ఒక్క క్షణం ఆగమని. ఆ క్షణంలో ఆకు తిప్పి చూడొచ్చు కదా! తెల్లవారకముందు అన్నదాన్ని మాత్రం నేను పాటించను. చీకట్లో మొక్కా పోల్చుకోలేం, పామూ కనపడదు. పైగా మంచు తడి ఉన్న ఆకు ఎండేలోపే బూజు పడుతుంది. మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోస్తే మంచిది.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. కలల మూలికలని, మంత్రాల మూలికలని చెప్పే జాబితాల్లో ఉమ్మెత్త ఉంటుంది. దాన్ని ముట్టకు. అందులోని అట్రోపిన్, స్కోపోలమిన్ అనే విషాలు కలలు తెప్పించవు, మతి తప్పిస్తాయి. లేని మనిషితో మాట్లాడటం, ఒళ్లు కాలిపోవడం, గుండె దడ, మర్నాడు ఏదీ గుర్తులేకపోవడం. ఎంత తింటే ప్రాణం మీదికి వస్తుందో ముందే చెప్పలేం, మొక్కకూ మొక్కకూ, ఆకుకూ గింజకూ విషం మారుతుంది. యూరప్‌లో మాండ్రేక్ అనే వేరు గురించి ఒక కథ ఉంది. పీకితే అరుస్తుందట, ఆ అరుపు విన్నవాడు చస్తాడట, అందుకని కుక్కను కట్టి పీకించేవారట. అదీ ఉమ్మెత్త కుటుంబపు మొక్కే, విషమూ అదే జాతి. పాతవాళ్ల భయంలో అబద్ధం అరుపు ఒక్కటే.

గురివింద గింజలు కూడా అంతే. ఎర్రగా ముద్దుగా ఉంటాయి, తాయెత్తుల్లో కడతారు. చిట్లిన గింజ లోపలికి పోతే అబ్రిన్ అనే విషం చంపేయగలదు. పూసలుగా గుచ్చాలని సూదితో పొడవకు, పిల్లలున్న ఇంట్లో ఉంచకు. తెల్లటి గొడుగులాంటి పూల మొక్కలేవీ కొత్తలో కోయకు. అడవి క్యారెట్ అనుకుని హెమ్లాక్ అనే విషపు మొక్క కోసినవాళ్లున్నారు. క్రీ.పూ. 399లో సోక్రటీసు తాగింది ఆ విషమే అంటారు. దాని కాండం నున్నగా, ఊదా మచ్చలతో ఉంటుంది, అడవి క్యారెట్ కాండానికి నూగు ఉంటుంది. అయినా నూగును నమ్ముకుని ప్రాణం పందెం కాయడం ఎందుకు?

కలల కోసం ఏదీ మింగవద్దు, టీ కాచుకోవద్దు. మాచిపత్రిలో థుజోన్ అనే పదార్థం ఉంటుంది, ఎక్కువైతే నరాలకు మంచిది కాదు. గర్భిణులు దాని జోలికి అసలు పోకూడదు. వయ్యారిభామ కుటుంబమే కాబట్టి, అది పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చు. నేను ముందు ఒక ఆకు మోచేతి లోపల రుద్ది రెండు రోజులు ఆగాను. పడుకునే గదిలో పొగ కూడా వేయకు.

కోసేటప్పుడు రోడ్ల పక్కన, మందు కొట్టే పొలాల గట్ల మీద, రైలు పట్టాల వెంట కోయకు. ఎవరిదో నేలైతే అడుగు, రక్షిత అడవి అయితే అసలు వద్దు. పది మొక్కలుంటే ఒకదాని నుంచి కొద్దిగా. వేరు పీకితే ఆ మొక్క కథ ముగిసినట్టే, కాబట్టి వేర్ల పని మానెయ్. కాలిఫోర్నియాలో తెల్ల సేజ్ అనే మొక్క పొగకు గిరాకీ పెరిగి, దొంగలు దాన్ని కొండల మీంచి మూటలు మూటలుగా కోసుకుపోతున్నారు. దక్షిణాఫ్రికా ఖోసా ప్రజలకు కలల కోసం ఒక వేరు, మెక్సికోలో చొంతాల్ ప్రజలకు ఒక చేదు ఆకు ఉన్నాయని చదివే ఉంటావు. వాటి వెనక వాళ్ల పెద్దలు, వాళ్ల ఆచారం ఉన్నాయి. పొట్లం కొని తెచ్చుకుంటే అవి రావు.

ఎండబెట్టడం పెద్ద విద్యేం కాదు. చిన్న చిన్న కట్టలు, నీడ, గాలి. కాడ వంచితే పుటుక్కున విరగాలి. పేరు, తేదీ, కోసిన చోటు రాసిన కాగితం ఆకుతో పాటే దాచు, ఏడాది దాటిన ఆకు పారెయ్.

అరచేతి పాటి గుడ్డ సంచీ కుట్టి గుప్పెడు ఆకు వెయ్యి. ఒకేసారి నాలుగు రకాలు కలిపితే ఏది ఏం చేసిందో ఎప్పటికీ తెలియదు. ఒక వారం సంచీతో, ఒక వారం లేకుండా పడుకో. మాచిపత్రి కలలు తెప్పిస్తుందని గట్టిగా రుజువు చేసిన పరిశోధన లేదు. కానీ నిద్రలో ఉన్నవాళ్లకు గులాబీ వాసన చూపిస్తే కలలు హాయిగా, కుళ్లిన గుడ్డు వాసన చూపిస్తే చేదుగా మారాయని ఒక ప్రయోగంలో తేలింది. కాబట్టి నీకు నచ్చని వాసన ఎవరెంత గొప్పగా చెప్పినా దిండు దగ్గరికి రానీయకు.

కలల నిద్ర సుమారు గంటన్నరకోసారి వస్తూ తెల్లవారుజామున పొడుగవుతుంది. అలారం ఆపే హడావిడిలో పడితే అప్పటి కల చెదిరిపోవచ్చు. వీలైన రోజు అలారం లేకుండా లే. లేచిన వెంటనే కదలకు, ఫోన్ ముట్టుకోకు, కళ్లు మూసుకునే ఒక్క బొమ్మ గుర్తు తెచ్చుకో, దాని తోక పట్టుకుంటే మిగతాది వస్తుంది. అప్పుడు రాసుకో. నిజం చెప్పాలంటే నాకు సంచీ కంటే ఆ నోట్‌బుక్కే ఎక్కువ కలలు ఇచ్చింది. పీడకలలు ఎక్కువైతే, నిద్ర చెడితే సంచీ తీసి అవతల పెట్టు, పట్టుదలకు పోకు.

ఆదివారం చూసినవి రాసి పంపు. ఫొటోలు తీస్తే ఆకు వెనక వైపు కూడా తియ్యి.

ప్రేమతో
నీ పెద్దమ్మ