ఎడారికి వెళ్తున్న మేనకోడలికి

కోరాపుట్

చిరంజీవి అమ్ములుకు మామయ్య ఆశీస్సులు.

జైసల్మేర్ వైపు గట్టిపడిన నేలపొరలను వర్గీకరించే పని నీకు దక్కిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో రాళ్లు చదవడానికి సుత్తి పట్టిన రెండో మనిషివి నువ్వే. ఎంత సంతోషమో అంత దిగులు, అందుకే రాస్తున్నాను.

నీళ్లు, టోపీ, నోటు పుస్తకం గురించి నీకు చెప్పనక్కరలేదు. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని మాత్రం గాజు సీసాలో పెట్టుకోకు.

నా అసలు భయం నీ కళ్ల గురించి. మన పంచపట్మాలి కొండ మీద ఖోండలైట్ రాయి శిథిలమై మిగిలిన బాక్సైట్‌నూ, ఇనుము పట్టిన ఎర్రటి లాటరైట్‌నూ చూస్తూ పెరిగినదానివి. ఎర్రగా, గట్టిగా ఉన్నదల్లా మనకు లాటరైట్‌గానే తోస్తుంది. మా జట్టులో మన ప్రాంతం కుర్రవాడొకడు ఎడారిలో ఎర్రటి పెచ్చు చూసి, పగలగొట్టకుండానే ఫెర్రిక్రీట్ (ఇనుము అతికించిన పొర) అని పటంలో రంగు వేశాడు. ఇనుము అంతగా పేరుకోవాలంటే ఒకప్పుడు అక్కడ వానలు దండిగా కురిసి ఉండాలని పేజీలకు పేజీలు రాశాడు. నివేదిక ముగిసే వేళ నమూనా కోస్తే లోపలంతా తెల్లటి సున్నం. యాసిడ్ చుక్కకు బుసబుసా పొంగింది. ఎరుపు గోరు మందం కూడా లేదు. అది కాల్‌క్రీట్, వాన చాలక సున్నం కొట్టుకుపోకుండా నేలలోనే గడ్డకట్టిన పొర. అతను రాసిన వాతావరణ చరిత్ర మొత్తం తలకిందులైంది. తెలివిలేక కాదు, తొందరపడ్డాడు. నువ్వూ తొందర మనిషివే, ఎన్నిసార్లు కోప్పడినా మారలేదు!

కాబట్టి తల్లీ, ప్రతి పెచ్చునూ పగలగొట్టు. కొత్తగా విరిగిన ముఖం మీదే యాసిడ్ వేయి. పొంగకపోతే పొడి చేసి మళ్లీ వేయి, మెగ్నీషియం కలిసిన సున్నం, అంటే డోలమైట్ అయితే అప్పుడు పొంగుతుంది. యాసిడ్‌కు కదలకుండా గోటికి గీరుకుపోయేది జిప్సం. కత్తికి లొంగలేదని సిల్‌క్రీట్ (సిలికా అతికించిన పొర) అనేయకు, సున్నంతో అతుక్కున్న ఇసుకరేణువులు కూడా కత్తిని గీస్తాయి. లెన్స్ పెట్టి చూడు. పగులు రేణువుల చుట్టూ తిరగకుండా వాటిని చీల్చుకుంటూ పోతే అతికించింది సిలికా. 1902లో లాంప్లూ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ వర్గాలను విడదీసింది అతికించిన పదార్థాన్ని బట్టే, రంగును బట్టి కాదు.

పొర ఎక్కడ దొరికిందో కూడా రాయి. మిట్ట మీద మట్టిలో ఏర్పడినదీ, పాత వాగు పక్కన భూగర్భజలం పేర్చినదీ కాల్‌క్రీట్లే అయినా ఒకే గడిలో వేయకు.

చిన్నప్పుడు రాళ్లన్నీ నా బల్ల మీద పోసి పేర్లు అడిగేదానివి. ఇప్పుడూ అలాగే అడుగు, విరిగిన ముఖం ఫొటో పంపు. సాయంత్రం బసకు చేరగానే ఫోను చేయాలి. సిగ్నల్ ఉండదంటావేమో, జీపు డ్రైవరు నంబరు బయలుదేరే ముందే నాకు ఇవ్వు.

నీ మామయ్య