భార్యను బలవంతం చేస్తే చట్టం ‘రేప్’ అనాల్సిందేనా?

‘గృహహింస చట్టం ఉందిగా, సంసారంలోకి రేప్ అనే మాట ఎందుకు, వేరే పేరు పెడితే సరిపోదా?’ అని అడిగారు. వేరే పేరు ఇప్పటికే ఉంది. దాంతో ఎంతవరకు పనవుతుందో నేను చూస్తూనే ఉన్నాను. జిల్లా కోర్టులో లాయర్ని, నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా డీవీసీలు (గృహహింస కేసులు), మెయింటెనెన్స్ అంటే భరణం కేసులే.

గృహహింస కేసుల్లో ప్రొటెక్షన్ ఆఫీసర్ నింపే ఫారం-1 ఒకటి ఉంటుంది. అందులో లైంగిక హింస కింద మొట్టమొదటి గడి బలవంతపు సంభోగం గురించే. టిక్ పెడితే చాలు. కొట్టాడు, కట్నం అడిగాడు అని గడగడా చెప్పే మనిషి అక్కడికి వచ్చేసరికి ఆగిపోతుంది. ‘రాత్రుళ్ళు నిద్రపోనివ్వడు మేడం’ అంటుంది. అడగ్గా అడగ్గా ‘వద్దన్నా వినడు’. పక్కన తల్లి కూర్చుంటే అదీ రాదు. ఒకవేళ టిక్ పడినా, ఆ చట్టం కింద వచ్చేది రక్షణ ఉత్తర్వు, ఉండటానికి చోటు, డబ్బు. చేసిన పనికి శిక్ష ఉండదు, ఉత్తర్వు మీరితేనే జైలు.

క్రిమినల్ చట్టంలో చూస్తే పాత ఐపీసీ సెక్షన్ 375లో భర్తకు ఉన్న మినహాయింపే, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 63లోనూ ఉంది. భార్యకు 18 నిండితే భర్త చేసింది రేప్ కాదు. (2017లో సుప్రీంకోర్టు చెప్పేదాకా అది 15!) కానీ సెక్షన్ 67 చూడండి. విడిగా ఉంటున్న భార్యను బలవంతం చేస్తే 2 నుంచి 7 ఏళ్ళ జైలు. అంటే తాళి కట్టినంత మాత్రాన నేరం పోదని చట్టమే ఒప్పుకుంటోంది. పోవడానికి చోటు లేక అదే ఇంట్లో పడి ఉన్నామెకే ఆ రక్షణ లేదు.

2022 జనవరిలో ఢిల్లీ హైకోర్టులో దీనిమీద వాదనలు జరుగుతుంటే ట్విట్టర్లో కొందరు మగవాళ్ళు ‘మ్యారేజ్ స్ట్రైక్’ (ఇక పెళ్ళే చేసుకోం) అని ట్రెండ్ చేశారు. మే 11న ఇద్దరు జడ్జీలు, మినహాయింపు చెల్లదని ఒకరు, చెల్లుతుందని ఒకరు, చెరో తీర్పూ ఇచ్చారు. 2024 అక్టోబరులో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పిందీ మీ ప్రశ్న లాంటిదే: భార్య సమ్మతిని కాలరాయడం తప్పే, అయితే దాన్ని రేప్ అనడం మరీ కఠినం. ఆ పేరు వెనకాల కనీసం 10 ఏళ్ళ శిక్ష ఉంది, అసలు టెన్షన్ అదే. తప్పుడు కేసుల భయం ఊరికే పుట్టిందని నేననను, ఇంటిల్లిపాదినీ ఇరికించిన ఫిర్యాదులు చూశాను. అయితే శిక్ష ఎంతో, సాక్ష్యం ఏం కావాలో మాట్లాడుకోండి. మినహాయింపు మాత్రం పోవాల్సిందే.

1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే జస్టిస్ పి.ఎ. చౌదరి నటి సరిత కేసులో, కాపురానికి వెళ్ళమని కోర్టు ఆదేశించడం ఆమె శరీరం మీద ఆమె హక్కును లాక్కోవడమేనని హిందూ వివాహ చట్టం సెక్షన్ 9ని కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాన్ని కాదంది. ఇప్పటికీ భార్య మెయింటెనెన్స్ వేయగానే అవతలి నుంచి సెక్షన్ 9 పిటిషన్ పడుతుంది.

మీరు అడిగింది మీ ఇంట్లోవాళ్ళ కోసమైతే ఒక మాట. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, కౌన్సిలర్‌తో ఒంటరిగా మాట్లాడతానని చెప్పమనండి. ఈ బలవంతం సంగతి మొదటి ఫిర్యాదు కాగితంలోనే రాయించండి. తర్వాత బీఎన్ఎస్ 85 కింద క్రూరత్వం కేసు పెట్టి అప్పుడు చేరిస్తే, అవతలి లాయరు మొదట అడిగేది ‘ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?’ అనే.