అరబ్బీ మగగుర్రం తర్వాత కొందురుగానీ, ముందు ఇంట్లో ఉన్నదాని సంగతి చూడండి

ప్రశ్న: సార్ నమస్తే, మాది తెనాలి దగ్గర కొల్లిపర మండలం. పసుపు, అరటి వేస్తాం, గేదెలున్నాయి. మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా గుర్రాల సంతలో అరబ్బీ అని చెప్తే ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నా, పెళ్లి బారాత్‌లకి పంపిస్తున్నాం. దాని పిల్ల మగది, ఏడాదిన్నర ఉంటుంది, బాగా కరుస్తోంది, మావాడు అప్పుడే దానిమీద ఎక్కి తిప్పుతున్నాడు. తల్లిని రెండుసార్లు దాటించాం, చూడి నిలవలేదు. మంచి అరబ్బీ మగగుర్రాన్ని తెచ్చి పిల్లలు తీసి అమ్ముదామని ఉంది. ఊళ్లో ఏమో అరబ్బీవన్నీ తిక్కగుర్రాలు అంటున్నారు. జాతి, ట్రైనింగ్, పేరు ఇవన్నీ బాగుపడాలంటే ఏం చెయ్యాలి?

జవాబు: నమస్తే అండి. మగగుర్రం ఇప్పుడే కొనొద్దు. దాన్ని మేపడానికి, పట్టుకోడానికి వేరే మనిషి కావాలి, విడిగా గట్టి షెడ్డు కావాలి, ఒక్క ఆడగుర్రం కోసం ఆ ఖర్చు దండగ. అవసరమైనప్పుడు డబ్బులిచ్చి దాటించుకోవచ్చు.

ముందు మీ గుర్రం అరబ్బీయేనా అన్నది తేలాలి. సంతలో తెల్లగా, కాస్త మూతి సన్నగా ఉన్నదాన్నల్లా అరబ్బీ అనే అమ్ముతారు. చెవులు లోపలికి వంపు తిరిగి కొనలు ఒకదానికొకటి తగిలేట్టు ఉంటే మార్వారీ లేదా కథియావాడీ రక్తం ఉన్నట్టే. అలా ఉన్నా తప్పేం లేదు, అవి మన జాతులు, ఎండకి బాగా తట్టుకుంటాయి, కానీ ఆ పిల్లల్ని అరబ్బీ పేరు చెప్పి అమ్మొద్దు. అసలు అరబ్బీ అయితే స్టడ్‌బుక్‌లో, అంటే జాతి గుర్రాల వంశావళి పుస్తకంలో, రిజిస్ట్రేషన్, తల్లిదండ్రుల పేర్లు, మైక్రోచిప్ నంబరు ఉండాలి. ఇంకోటి, తెల్ల అరబ్బీలు దాదాపు అన్నీ పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడినవే, కింద చర్మం నల్లగానే ఉంటుంది. ఇలాంటివాటికి వయసు మీద పడేకొద్దీ తోక కింద నల్లటి గడ్డలు రావడం చాలా మామూలు, కాబట్టి స్నానం చేయించేటప్పుడు తోక ఎత్తి చేత్తో తడిమి చూస్తుండండి.

అరబ్బీల్లో వంశంలో వచ్చే జబ్బులు మూడు ముఖ్యంగా ఉన్నాయి. స్కిడ్ అనేదాంట్లో పిల్లకి రోగనిరోధక శక్తే ఉండదు, 5 నెలల లోపే పోతుంది. సీఏ అనేదాంట్లో చిన్నమెదడు దెబ్బతిని తల వణుకుతూ అడుగులు తడబడతాయి. మూడోది లావెండర్ ఫోల్, వెండి రంగు పూసినట్టు పుట్టిన పిల్ల లేచి నిలబడలేదు. తల్లీ తండ్రీ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి, లోపల మాత్రం ఇద్దరిలోనూ అదే లోపం దాగి ఉంటే ప్రతి ఈతకీ పిల్లకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మెడజూలు నుంచి వేళ్లతో సహా పీకిన వెంట్రుకలతో టెస్ట్ చేస్తారు, అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ల్యాబ్‌లో ఈ మూడూ చేస్తారు. మగగుర్రం ఓనరు ఆ రిపోర్టు చూపించకపోతే ఎంత అందంగా ఉన్నా దాటించొద్దు. అందం అంటే గుర్తొచ్చింది, ముఖం లోపలికి బాగా సొట్టపడి ఉండాలని షోల కోసం ఎంచి ఎంచి తీసిన పిల్లల ఫొటోలు చూసి ఎగబడుతున్నారు, గుర్రం ముక్కుతోనే గాలి పీలుస్తుంది, నోటితో పీల్చలేదు, ముక్కు ఎముకని అలా నొక్కేస్తే అది పరిగెత్తేదెట్లా? నేనైతే ముందు కాళ్లు, గిట్టలు, గుణం చూస్తా, తర్వాతే ముఖం.

ఇక చూడి నిలవకపోవడం. గుర్రం గేదెలా కాదండి, 21 రోజులకోసారి ఎదకొచ్చినా ఆ ఎద 5 నుంచి 7 రోజులు ఉంటుంది, అండం విడుదలయ్యేది చివరి ఒకటి రెండు రోజుల్లో. మీరు తోక ఎత్తిన మొదటిరోజే దాటించి ఇంటికి తెచ్చేసి ఉంటారు, చాలామంది చేసేది అదే. ఎద మొదలైన మూడోరోజు నుంచి రోజు మార్చి రోజు, అది మగదాన్ని తన్నేదాకా దాటించాలి. స్కాన్ ఉంటే ఇంకా మంచిది. దాటించిన 14 నుంచి 16 రోజుల మధ్య స్కాన్ తప్పనిసరి, ఎందుకంటే గుర్రాల్లో కవలలు నిలవవు, రెండు పిండాలు కనిపిస్తే డాక్టరు అప్పుడే ఒకదాన్ని నొక్కి తీసేయాలి, లేకపోతే చాలాసార్లు నెలలు నిండకముందే రెండూ పోతాయి, తల్లికీ ప్రమాదం. చూడి కాలం 11 నెలలు కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో దాటిస్తే మే ఎండలు రాకముందే ఈనుతుంది. ఈనిన 3 గంటల్లో మావి పడకపోతే డాక్టర్ని పిలవండి, గేదెకి ఆగినట్టు తెల్లారేదాకా చూద్దాం అంటే గిట్టల వాపు దాకా పోతుంది. పిల్ల గంటలో లేవాలి, రెండు గంటల్లో జున్నుపాలు తాగాలి.

మేత గురించి మీరు అడగలేదు గానీ నాకు అసలు అనుమానం అక్కడే ఉంది. గేదెలున్న ఇల్లు కాబట్టి గుర్రానికీ తవుడు, సూపర్ నేపియర్ పచ్చిగడ్డి, వరిగడ్డి పెడుతుంటారు. తవుడులో భాస్వరం ఎక్కువ, క్యాల్షియం తక్కువ, పైగా నేపియర్‌లోని ఆక్సలేట్లు ఉన్న క్యాల్షియాన్ని కూడా పట్టేస్తాయి. దాంతో ఒంట్లో ఎముకల నుంచే క్యాల్షియం లాగేసుకుని ముఖం ఎముకలు ఉబ్బుతాయి, కుంటుతుంది. మీ గుర్రం కళ్ల కింద, దవడ పైన రెండు పక్కలా చెయ్యి పెట్టి చూడండి, గట్టిగా ఉబ్బినట్టు తగిలితే అదే. తవుడు బాగా తగ్గించండి, లూసర్న్ అనే పప్పుజాతి మేత కలపండి, సున్నపురాయి పొడి ఎంత వెయ్యాలో డాక్టరు చేత లెక్క కట్టించండి. జొన్నగడ్డి పచ్చిది మేపితే కొన్ని గుర్రాలకి మూత్రాశయం దెబ్బతిని వెనక కాళ్లు తూలతాయి. ఉలవలు మంచివే, నానబెట్టి ఉడకబెట్టి కొద్దిగా. అన్నిటికన్నా ముఖ్యం, కోళ్ల దాణా దరిదాపుల్లో ఉండకూడదు. మోనెన్సిన్ అనే మందు కోళ్లకి పడుతుంది, గుర్రానికి మాత్రం కొంచెమే గుండెని ఆపేస్తుంది. గేదె దాణా బస్తా మీద ఆ పేరు ఉందేమో చూసుకోండి.

ఎడారి గుర్రం కదా మన ఎండ ఏం చేస్తుందిలే అనుకోవద్దు. అక్కడిది పొడి వేడి, మనది కృష్ణ ఒడ్డు ఉక్క, చెమట ఆరదు. కొన్నిటికి ఏకంగా చెమట పట్టడమే ఆగిపోతుంది. ఎప్పుడూ నీళ్లు, ఉప్పుగడ్డ అందుబాటులో ఉంచండి, బారాత్‌లు రాత్రిపూటే ఒప్పుకోండి. ధనుర్వాతం టీకా వేయించారా? వర్షాలయ్యాక జోరీగల వల్ల సర్రా అనే రక్తంలో పరాన్నజీవి జబ్బు వస్తుంది, జ్వరం వచ్చి పోతూ కాళ్లు వాస్తే రక్తం చూపించండి.

మీ అబ్బాయిని ఈరోజే దించేయండి. మూడేళ్లు నిండకుండా ఎక్కకూడదు, వెన్నుపూసలు 5 ఏళ్లు దాటాక గానీ గట్టిపడవు. కరవడానికి కారణం తిక్క కాదు, చేత్తో బెల్లం ముక్క పెట్టి అలవాటు చేసి ఉంటారు, ఇప్పుడు చేతిలో ఏం లేకపోతే చేతినే కొరుకుతోంది. బెల్లం ఆపండి, ఏం పెట్టినా తొట్టిలోనే పెట్టండి. రోజుకి 15 నిమిషాలు చాలు, తలకి తాడు (హాల్టర్) వేసి నడిపించడం, ఆపడం, వెనక్కి వేయించడం, ఒక్కో కాలు ఎత్తించడం. తాడు మెల్లగా లాగండి, అది ఒక్కడుగు వేసిన క్షణంలో వదిలేయండి, ఆ వదలడమే దానికి పాఠం. లాగుతూనే ఉంటే అదీ లాగుతుంది. బ్యాండు శబ్దం దూరం నుంచి మొదలుపెట్టి, చెవులు తిప్పి మళ్లీ మేత అందుకున్నాకే దగ్గరికి రండి. అరబ్బీలకి జ్ఞాపకం ఎక్కువ, ఒకసారి కొట్టిన మనిషిని మర్చిపోవు. ఆ పిల్లకి కాగితాలు లేకపోతే రెండేళ్ల లోపు విత్తులు తీయించండి, అదే సాధువు అవుతుంది, మంచి సవారీ గుర్రంగా రేటూ పలుకుతుంది.

పేరు సంగతికొస్తే, ఊళ్లోవాళ్లు చూసింది బారాత్‌లో డీజే ముందు ముళ్ల కళ్లెంతో నోరు చీరుకుపోయి ఎగిరే గుర్రాన్నే, తిక్క అనక ఏమంటారు? ముళ్లున్న కళ్లెం మన దేశంలో 1965 రూల్స్ ప్రకారమే నిషేధం. ఈ జాతి చరిత్ర వేరే. 1704లో ఇంగ్లండ్ చేరిన డార్లీ అరేబియన్ రక్తం ఈనాటి రేసుగుర్రాల్లో ఉంది. కాలిఫోర్నియాలో 1955 నుంచి ఒక్క రోజులో 160 కిలోమీటర్ల కొండదారి పోటీ జరుగుతోంది, అందులో ఎక్కువగా గెలిచేవి అరబ్బీలే. ఇలాంటి పోటీల్లో మధ్యలో డాక్టర్లు ఆపి గుండె చూస్తారు, అంతర్జాతీయ రూల్ అయితే నిర్ణీత టైములో గుండె కొట్టుకోవడం నిమిషానికి 64కి దిగాలి, దిగకపోతే ఇంటికే. అదే దూరపు పోటీల్లో కాళ్లు విరిగేదాకా పరిగెత్తించి గల్ఫ్‌లో పరువు పోగొట్టుకున్నారు, 2015లో యూఏఈ గుర్రపు క్రీడల ఫెడరేషన్‌ని ఆ క్రీడల అంతర్జాతీయ సంస్థ సస్పెండ్ చేసింది. సంక్రాంతికి మీ గుర్రాన్ని ఊళ్లో వదులు కళ్లెంతో నడిపించండి, పిల్లలు దగ్గరికొచ్చి నిమిరేలా తయారు చేయండి, బారాత్ బుకింగ్ అప్పుడే డ్యాన్సులు ఉండవని చెప్పేయండి. కొందరు మానేస్తారు, పోనివ్వండి.

తల్లిని ఒకసారి గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకురండి, గర్భసంచి చూసి, అవసరమైతే స్వాబ్ తీసి, ఇన్‌ఫెక్షన్ ఉందేమో తేల్చుకున్నాకే మళ్లీ దాటించే మాట. ఎద తేదీలు కాగితం మీద రాసి తెండి. తెల్లారుజామునే బయల్దేరండి, బండిలో కింద గడ్డి పరచండి, పిల్లని మాత్రం ఇంటిదగ్గరే ఉంచండి.