పెడల్ గట్టిపడితే ముందు చూడవలసింది ప్యాడ్లను కాదు, వ్యాక్యూమ్ పైపును

బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడిందనీ, బలమంతా పెట్టి తొక్కినా కారు ఆలస్యంగా ఆగుతోందనీ, మెకానిక్ ప్యాడ్లు మార్చాలంటున్నాడనీ రాశారు. దయచేసి ఇప్పుడే మార్పించకండి. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే బ్రేకు ఆయిల్‌లో గాలి చేరిందని అనుమానించాలి. గట్టిపడితే మాత్రం నేను మొట్టమొదట అనుమానించేది, మన తొక్కుడు బలాన్ని పెంచే బూస్టరుకు అందవలసిన వ్యాక్యూమ్‌నే, అంటే గాలి పీల్పునే.

మూడేళ్ల క్రితం వానాకాలంలో మా అమ్మను కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్తూ, బంజారాహిల్స్ 12వ నంబరు రోడ్డులో మాసబ్ ట్యాంక్ వైపు దిగుతున్నాను. ముందున్న బస్సు ఆగింది. బ్రేకు మీద కాలు వేస్తే గోడను తొక్కినట్లే ఉంది. రెండు కాళ్లతో తొక్కి, హ్యాండ్‌బ్రేకు లాగితే, బస్సుకు జానెడు దూరంలో కారు ఆగింది. అమ్మ ఒడిలోని మందుల సంచి జారి చుక్కల మందు సీసాలు కాళ్ల దగ్గర దొర్లాయి. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, డాష్‌బోర్డు మీద ఆనించిన చేతిని మాత్రం చాలాసేపు తీయలేదు.

తరువాత ఒక వర్క్‌షాపులో ప్యాడ్లు మార్చారు, మరొకచోట ఆయిల్ మార్చి గాలి తీశారు. బిల్లులు రూ. 8,000 దాటినా పెడల్ ఇసుమంతైనా మెత్తబడలేదు. సిగ్నళ్ల దగ్గర ఇంజను వణుకుతోందని రెండుచోట్లా చెప్పాను. అది వేరే సంగతని రెండుచోట్లా కొట్టిపారేశారు. అది వేరే సంగతి కానే కాదు. మాది పెట్రోలు బండి. ఇంజను లోపలికి గాలి పీల్చుకునే శక్తితోనే బూస్టరు పనిచేస్తుంది, కాబట్టి ఇంజనుకూ బూస్టరుకూ మధ్య ఉండే వ్యాక్యూమ్ పైపు పగిలితే బ్రేకు బలహీనపడటమే కాక, పగులులోంచి అదనపు గాలి చొరబడి ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను నడక) కూడా చెడుతుంది. రోజూ బండి నడిపేవాడి మాటను చెవిన పెట్టని ఈ అలవాటు మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

చివరికి రాణిగంజ్‌లో ఒక పెద్దాయన ఇంజను ఆపించి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కించి, అలాగే నొక్కిపట్టి స్టార్టు చేయమన్నారు. ఆ క్షణంలో పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. దిగలేదు. "గాలి గుంజుతలేదు సార్" అంటూ బూస్టరు దగ్గర పైపు ఊడదీసి, ఇంజను నడుస్తుండగా దాని కొసను నా బొటనవేలితో మూయించారు. వేలిని గట్టిగా పట్టి పీల్చవలసిన పైపు ఊరికే తాకినట్లుంది. ఇంజను వైపు క్లిప్పు పక్కన, పైకి కనబడని అడుగుభాగంలో గోరంత పగులు. పైపును వంచగానే నోరు తెరిచింది. కొత్త పైపుకు రూ. 600 అయింది.

మీరూ ఈ పరీక్షను ఎదుట నిలబడి చేయించుకోండి. పైపు బాగుంటే, దానిలోని వాల్వును ఊది చూడమనండి. గాలి బూస్టరు వైపు నుంచి ఇంజను వైపుకే పోవాలి, తిరిగి రాకూడదు. తొక్కి పట్టినంతసేపూ కాళ్ల దగ్గర బుస్సుమనే చప్పుడు ఆగకుండా వస్తుంటే బూస్టరు లోపలి డయాఫ్రమ్ అనే రబ్బరు పొర చిరిగి ఉండవచ్చు. డీజిల్ బండి అయితే వ్యాక్యూమ్ పంపును చూడాలి. ఇవన్నీ సరిగా ఉన్నాకనే ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్లు బిగుసుకున్నాయన్న మాట, ప్యాడ్ల మాట ఎత్తాలి. పైపు మార్చేటప్పుడు చేతికందిన నీళ్ల పైపు ముక్కను తొడగనివ్వకండి. అది పీల్పుకు లోపలికి నొక్కుకుపోయి, పెడల్ మళ్లీ గట్టిపడుతుంది. బ్రేకు బాగయ్యేంతవరకు ఆ కారును రోడ్డెక్కించకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.